మైదానం పరీక్ష

ఆ విభాగం ఆసుపత్రి మూడో అంతస్తులో ఉండేది. మెట్లున్నాయి గానీ, వాటి నిండా కాళ్ళు విరిగిన కుర్చీలూ పాత మంచాలూ పేర్చి, కింద గేటుకి తాళం వేశారు. ఎవరైనా సరే లిఫ్టులోనే పైకి వెళ్ళాలి. లిఫ్టు అద్దం మీద "మెట్లెక్కండి, గుండెను కాపాడుకోండి" అని రంగుల కాగితం ఒకటి అంటించి ఉండేది. దాని కిందే విభాగం పేరు: క్రీడా వైద్యం, వ్యాయామ వైద్యం. ఆటగాళ్ళ దెబ్బలు నయం చేసే డాక్టర్లూ, ఒళ్ళు కదలనివాళ్ళ చేత ఒళ్ళు కదిలించే డాక్టర్లూ అక్కడే తయారవుతారన్నమాట. ఎలా తయారవుతారంటే, కుర్చీల్లో కూర్చుని తయారవుతారు.

లోపల ఒక ట్రెడ్‌మిల్లు కూడా ఉండేది. కొన్న కొత్తలో ఎవరో ఒకసారి ఎక్కారట. తర్వాత దాని మీదికి ఒక కోటూ, కోటు మీదికి ఒక గొడుగూ, గొడుగు పక్కకి పాత పుస్తకాలూ ఎక్కి స్థిరపడ్డాయి. గుండె పరీక్షకి రోగి వస్తే ఈ సామానంతా దింపాలి, అదెవరికీ ఇష్టం లేదు. అందుకని రోగిని దూరంగా ఉన్న ఇంకో భవనానికి పంపేవాళ్ళు, అదీ నడిచి వెళ్ళమనేవాళ్ళు. ఆ రకంగా వ్యాయామ వైద్యం జరిగిపోయేది.

మోకాలు ఎలా చూడాలో నేర్పడానికి ఒక ప్లాస్టిక్ మోకాలు ఉండేది. అందులో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు ఎప్పుడో తెగిపోయింది. కొత్తది తెప్పించమని అడిగే ధైర్యం ఎవరికీ లేక, ఏళ్ళ తరబడి అందరూ ఆ తెగిన మోకాలినే ఊపి ఊపి నేర్చుకున్నారు. ఇక్కడ చదివి బయటికి వెళ్ళినవాళ్ళు బాగున్న మోకాలు చేతికి తగిలితే కంగారు పడేవాళ్ళు.

ఈ సంస్థానానికి అధిపతిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. వయసు వల్ల కొంత, ఒళ్ళు వల్ల కొంత. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడానని చెప్పుకునేవాడు. ఆ ఆట చూసినవాళ్ళెవరూ ఇప్పుడు దొరకరు కాబట్టి నమ్మక తప్పదు. ఆయనకి కుడివైపు ఒక అసిస్టెంటు, ఎడమవైపు ఒక అసిస్టెంటు ఎప్పుడూ ఉండేవాళ్ళు. ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరూ తెలివైనవాళ్ళే. కానీ పెద్దాయన నోరు తెరవకముందే తల ఊపడంలో ఇద్దరికీ గట్టి పోటీ ఉండడంతో, సొంతంగా ఆలోచించే తీరిక చిక్కేది కాదు. ట్రైనింగులో ఉన్న డాక్టర్లు వాళ్ళని కుడి అసిస్టెంటు, ఎడమ అసిస్టెంటు అనే పిలుచుకునేవాళ్ళు. ఒకసారి పెద్దాయన ఉన్నట్టుండి వెనక్కి తిరిగితే, ఇద్దరూ కంగారుగా పరిగెత్తి స్థానాలు మార్చుకున్నారు. ఆ అంతస్తులో ఎవరైనా పరిగెత్తడం అప్పుడే చూశారు జనం.

అయితే పెద్దాయన ఒక మంచి పని చేశాడు, అది చెప్పకపోతే అన్యాయం. తలదెబ్బ గురించి గట్టి నియమాలు పెట్టాడు. ఆటలో తలకు దెబ్బ తగిలి మనిషి తికమక పడుతుంటే, ఆ రోజుకి అతని ఆట అయిపోయినట్టే. గీత పక్కన నిలబడ్డ డాక్టరు చెయ్యెత్తితేనే రిఫరీ మళ్ళీ ఆట మొదలుపెట్టాలి. ఆపిన డాక్టరే మళ్ళీ సరేననేదాకా ఆ ఆటగాడు మైదానంలో అడుగుపెట్టకూడదు. ఎందుకంటే మొదటి దెబ్బ నయం కాకముందే రెండోది తగిలితే మనిషే దక్కకపోవచ్చు. "ఆటగాడు బతిమాలతాడు, కోచ్ మీదపడి అరుస్తాడు, మీరు మాత్రం రాయిలా ఉండాలి" అని ఆయన ప్రతి సభలోనూ చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే బాగుండేది.

తికమక ఉందో లేదో తేల్చడానికి కొన్ని ప్రశ్నలున్నాయి. మనం ఏ మైదానంలో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి గోల్ ఎవరు కొట్టారు? కిందటి వారం ఎవరితో ఆడాం? గెలిచామా? దెబ్బతిన్న బుర్రకి తన పేరూ, పెళ్ళాం పేరూ గుర్తుంటాయి గానీ, ఇప్పుడిప్పుడే జరిగింది జారిపోతుంది. అందుకే ఈ ప్రశ్నలు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కెక్కడొచ్చిందంటే, ప్రశ్న ఉన్నచోట జవాబు కూడా ఉండి తీరాలని పెద్దాయన పట్టుదల. తాను రాసిన గైడులో మోడల్ జవాబులు అచ్చువేయించాడు. "యూనివర్సిటీ మైదానం. రెండో సగం. మా ఎడమ వింగు కుర్రాడు. పోస్టాఫీసు జట్టుతో. గెలిచాం." ఏటా క్లాసులో ఆయన కళ్ళు మూసుకుని ఇవి వల్లించేవాడు, ట్రైనీలు కళ్ళు మూసుకుని రాసుకునేవాళ్ళు. పరీక్షకి ఒకణ్ణి ఉత్తుత్తి రోగిగా కూర్చోబెట్టేవాళ్ళు. వాడు ఈ జవాబులు చెబితే బుర్ర భేషుగ్గా ఉన్నట్టు, ఇంకేం చెప్పినా దెబ్బతిన్నట్టు. మార్కులు అలాగే పడేవి.

మొదటి ఏడాది క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఆట మారితే జవాబులు మారవా?" అని అడిగింది. ఇద్దరు అసిస్టెంట్లకీ ఎటు తల ఊపాలో తెలియలేదు.

పెద్దాయన కళ్ళు తెరిచి, "నీ పేరేంటమ్మా? సందేహమా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె పేరు సందేహమే అయిపోయింది. పాపం ఇంట్లో పెట్టిన పేరు చక్కనిదే, ఎవరూ పిలవలేదు.

సందేహం అక్కడ ఎందుకు ఓర్చుకుని పడి ఉందో కూడా చెప్పాలి. ఆమె ఊరు రైల్లో ఒక రాత్రంతా ప్రయాణం. అక్కడ భర్త, అత్తగారు, నాలుగేళ్ళ కూతురు. ఊరి చివర పిల్లలకి ఆటలు నేర్పే పెద్ద హాస్టలు బడి ఒకటుంది. ఆ బడివాళ్ళు క్రీడా వైద్యం చదివిన డాక్టరు కావాలని, ఆమె కోసమే ఉద్యోగం ఆపి ఉంచారు. ఈ నెలాఖరు దాకా చూస్తామని, తర్వాత వేరేవాళ్ళని పెట్టుకుంటామని కబురు చేశారు. ట్రైనింగు పూర్తయిందని పెద్దాయన అంటే చాలు, ఆమె పెట్టె సర్దుకుని రైలెక్కడమే. లేకపోతే ఇంకో ఏడాది. పాపకి అమ్మంటే ఫోనులో ఉండే మనిషి. మొన్నొకసారి ఊరెళ్ళినప్పుడు ఆ పిల్ల ఆమెను తేరిపార చూసి, నాయనమ్మ చాటుకి పోయి, "ఫోనులో అమ్మ చిన్నగా ఉంటుంది కదా" అంది. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అత్తగారు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంట్లో పిల్లని లైనులో నిలబెట్టే అన్నం పెడుతుంది. ఫోను చేసినప్పుడల్లా అడిగేది, "ఏమ్మాయ్, వాళ్ళు నీకు ఆడడం నేర్పుతున్నారా, ఆడేవాళ్ళని చూడ్డం నేర్పుతున్నారా?"

"చూసేవాళ్ళని చూడ్డం నేర్పుతున్నారత్తయ్యా" అనేది సందేహం.

ఇక మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. దాన్ని మైదానం పరీక్ష అంటారు. నిజమైన ఆటకి గీత పక్కన డాక్టరుగా నిలబడాలి, పెద్దాయన స్వయంగా చూసి పాసో ఫెయిలో చెప్పాలి. నిజమైన ఆట అంటే ఎండలోకి వెళ్ళాలి కాబట్టి పెద్దాయన దాన్ని వాయిదా వేస్తూ వచ్చాడు. ఇంతలో ఒక బీమా కంపెనీ చైర్మన్ ఈ విభాగానికి కొత్త భవనం కట్టిస్తానన్నాడు. ఆయనకి ఫుట్‌బాల్ పిచ్చి. ముందు తన ఉద్యోగులకీ డాక్టర్లకీ ఒక స్నేహపు మ్యాచ్, వచ్చే ఆదివారం కంపెనీ పెద్దలందరి ముందు ఇంకో మ్యాచ్, ఆ తర్వాతే భవనం మాట అన్నాడు. పెద్దాయన తక్షణం జట్టుకి కెప్టెన్ అయిపోయాడు.

సందేహం వెళ్ళి గుమ్మంలో నిలబడింది. "సార్, నా మైదానం పరీక్ష ఇంకా అవ్వలేదు. నెలాఖరొస్తోంది."

"ఈ మ్యాచే నీ పరీక్ష" అన్నాడు పెద్దాయన.

"మరి పరీక్ష చూసేది ఎవరు సార్?"

"ఇంకెవరు? నేనే."

"మీరు ఆడుతున్నారు కదా సార్."

"ఆడుతూ చూస్తా. బయటి నుంచి కంటే లోపలి నుంచే బాగా కనబడుతుంది." కుడి అసిస్టెంటు అవునన్నట్టు తల ఊపాడు. ఎడమ అసిస్టెంటు అంతకంటే కిందికి ఊపాడు.

కంపెనీ మైదానం పచ్చగా, చదునుగా, కొత్తగా గీసిన సున్నం గీతలతో ముచ్చటగా ఉంది. ఎండ ఇంకా ముదరలేదు. చైర్మన్ తెల్లబూట్లు వేసుకుని గొడుగు కింద కూర్చున్నాడు. డాక్టర్ల జట్టు ఆటకి ముందు ఒళ్ళు వెచ్చబడాలని కాళ్ళూ చేతులూ ఊపింది, ఊపి అలిసిపోయి నీళ్ళు తాగుతూ కూర్చుంది. కంపెనీ కుర్రాళ్ళు అప్పటికే మైదానం చుట్టూ రెండేసి సార్లు తిరిగొచ్చారు. సందేహం మందుల సంచి భుజాన వేసుకుని గీత పక్కన నిలబడింది. పాస్, రైలు, పాప, ఈ మూడే మనసులో తిరుగుతున్నాయి. ఎవరికీ ఏమీ కాకూడదని దణ్ణం పెట్టుకుంది. దెబ్బలు చూడ్డమే పనైన డాక్టరు అలా దణ్ణం పెట్టుకోవచ్చా అంటే, ఆ పరిస్థితిలో ఎవరైనా పెట్టుకుంటారు.

ఆట మొదలైంది. పెద్దాయన పరిగెత్తకుండా ఆడే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. తమ గోల్ దగ్గరే నిలబడి, చేతులతో అందరికీ దారి చూపిస్తూ ఉంటే చాలు. మధ్యమధ్యలో సందేహం వైపు చూసి, పరీక్ష జరుగుతోందన్నట్టు వేలు ఊపేవాడు. కొంతసేపటికి కంపెనీ జట్టుకి కార్నర్ కిక్ దొరికింది. బంతి గాల్లో తేలుతూ వచ్చింది. చైర్మన్ చూస్తున్నాడన్న హుషారో, యూనివర్సిటీ రోజులు గుర్తొచ్చాయో గానీ, పెద్దాయన ఎగిరాడు. కింద ఉన్న గడ్డి కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది. బంతి ఆయన నుదుటికి తగిలి నేరుగా తమ గోల్‌లోకే వెళ్ళింది. ఆయన వెళ్ళి గోల్ స్తంభానికి తల కొట్టుకుని కింద పడ్డాడు.

సందేహం పరిగెత్తింది. ఇన్నేళ్ళ ట్రైనింగులో ఆమెకి పరిగెత్తే పని పడడం అదే మొదలు. మెడ కదిలించకుండా పట్టుకుంది, కళ్ళలోకి చూసింది, చేతులూ కాళ్ళూ కదిలించమంది. అన్నీ కదిలాయి. కాసేపటికి పెద్దాయన మెల్లగా లేచి కూర్చుని ఆమెను చూసి నవ్వాడు. ఆమెకి అక్కడే అనుమానం వచ్చింది. ఆయన ట్రైనీలని చూసి నవ్వే మనిషి కాదు.

చెయ్యి పట్టుకుని గీత దాటించి బెంచీ మీద కూర్చోబెట్టింది. అసిస్టెంట్లు ఇద్దరూ ఆట వదిలేసి వచ్చి చెరోవైపు నిలబడ్డారు. చైర్మన్ కూడా గొడుగుతో సహా వచ్చాడు.

"సార్, మనం ఏ మైదానంలో ఉన్నాం?" అడిగింది సందేహం.

"యూనివర్సిటీ మైదానం" అన్నాడు పెద్దాయన గంభీరంగా.

"కరెక్ట్" అన్నాడు కుడి అసిస్టెంటు.

"ఇది మొదటి సగమా, రెండోదా?"

"రెండో సగం."

"కరెక్ట్" అన్నాడు ఎడమ అసిస్టెంటు.

"చివరి గోల్ ఎవరు కొట్టారు సార్?"

"మా ఎడమ వింగు కుర్రాడు. కిందటి వారం పోస్టాఫీసు జట్టుతో ఆడాం. గెలిచాం." అడగని వాటికి కూడా జవాబు చెప్పేసి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అసిస్టెంట్లు చప్పట్లు కొట్టారు. అన్నిటికీ అన్నీ సరిగ్గా చెప్పారని, ఇంత దెబ్బలోనూ ఒక్క అక్షరం పొల్లుపోలేదని చైర్మన్‌కి వివరించారు. వాళ్ళు వెటకారం ఆడడం లేదు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఏళ్ళ తరబడి ఆ జవాబులకే మార్కులు వేసిన చేతులవి, ఇంకోలా వెయ్యడం వాటికి రాదు.

సందేహం అసిస్టెంట్ల వైపు తిరిగింది. "సార్వాళ్ళూ, ఇది కంపెనీ మైదానం. ఆట మొదలై కాసేపే అయింది. మన జట్టులో ఎడమ వింగులో ఆడుతున్నది చర్మ వైద్యుడు, ఆయన ఇంతవరకు బంతిని ముట్టుకోలేదు. కిందటి వారం మనం ఎవరితోనూ ఆడలేదు."

"గైడులో అదే ఉంది కదా" అన్నాడు కుడి అసిస్టెంటు.

"గైడులో ఉందనే చెప్పారండీ. ఆయనకి ఇప్పుడు జరిగింది గుర్తు లేదు, క్లాసులో చెప్పింది గుర్తుంది."

"నువ్వు మళ్ళీ మొదలుపెట్టావా" అన్నాడు ఎడమ అసిస్టెంటు విసుగ్గా.

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. "కెప్టెన్ గారు బాగానే ఉన్నారుగా, ఆట మొదలుపెడదామా?"

ఆ మాటతో పెద్దాయన దిగ్గున లేచాడు. "మొదలుపెడదాం. అమ్మాయ్, చెయ్యెత్తు."

సందేహం చెయ్యెత్తలేదు. మైదానం మధ్యలో రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. "ఎగ్జామినర్ని నేను" అన్నాడు పెద్దాయన. "చెయ్యెత్తితే పాస్. ఎత్తకపోతే నీ ఇష్టం." ఆమె చెయ్యి నిజంగానే ఒక్క క్షణం లేవబోయింది. ఆ మాట దాచడం ఎందుకు. ఆ చేతికి అటువైపు నాలుగేళ్ళ పిల్ల ఉంది.

కానీ లేవలేదు. వాదిస్తే లాభం లేదని ఆమెకి తెలుసు. వంగి, "సార్, ఒక్కసారి కూర్చోండి, చీలమండ కూడా వాచినట్టుంది, చూస్తాను" అంది. పెద్దాయన బుద్ధిగా కూర్చుని కాలు చాచాడు. ఆమె ఒక బూటు లేసు విప్పింది, బూటు తీసింది. ఇంకో కాలు అడిగింది, అదీ ఇచ్చాడు. రెండు బూట్లూ తన మందుల సంచిలో పెట్టుకుని జిప్పు వేసేసింది.

"బూట్లు లేకుండా ఆడడానికి రూల్స్ ఒప్పుకోవు" అంది చైర్మన్‌తో.

అసిస్టెంట్లు నోళ్ళు తెరిచారు. విభాగాధిపతి బూట్లు ఒక ట్రైనీ సంచిలో ఉండడం ఏ గైడులోనూ లేదు. కుడి అసిస్టెంటు సంచి పట్టుకుని లాగాడు, ఎడమ అసిస్టెంటు ఆమెకి నీతి చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దాయన మేజోళ్ళతో లేచి, చైర్మన్‌కి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, ఆ తెల్లబూట్ల మీద భళ్ళున వాంతి చేసుకున్నాడు.

"ఎండ" అన్నాడు కుడి అసిస్టెంటు వెంటనే.

"పొద్దున తిన్నది పడలేదు" అన్నాడు ఎడమ అసిస్టెంటు.

అంబులెన్సు వచ్చింది. స్కాన్ తీస్తే లోపల రక్తనాళాలేవీ చిట్లలేదని తేలింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మెదడు గట్టి కుదుపుకి లోనైందని, కొన్ని వారాలు విశ్రాంతి కావాలని వార్డు డాక్టరు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం సందేహానికి కబురొచ్చింది. వెళ్ళేసరికి పెద్దాయన మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. అసిస్టెంట్లు చెరోవైపు.

"రామ్మా సందేహం" అన్నాడు. "పాసయ్యావు."

ఆమె థాంక్స్ అనేలోపే ఆయనే అందుకున్నాడు.

"నీకు తెలీదు గానీ, నిన్న నాకేమీ కాలేదు. అదంతా నటన. నిన్ను పరీక్షించడానికే పడ్డాను."

"ఏం నటన సార్ అది" అన్నాడు కుడి అసిస్టెంటు.

"నేనైతే నిజమే అనుకున్నా సార్" అన్నాడు ఎడమ అసిస్టెంటు.

"మోడల్ జవాబులు చెప్పింది కూడా కావాలనే. పట్టుకుంటావా, బోల్తా పడతావా అని. పట్టుకున్నావు. శభాష్."

"వాంతి కూడానా సార్?" అంది సందేహం.

పెద్దాయన దుప్పటి సర్దుకున్నాడు. "అది కొంచెం కష్టమైంది" అన్నాడు.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. ఆదివారం రెండో మ్యాచ్. కెప్టెన్ లేకపోతే చైర్మన్ చిన్నబుచ్చుకుంటాడు, భవనం చేజారుతుంది. ఆపిన డాక్టరే సరేనంటే తప్ప పంపనని వార్డు డాక్టరు మొండికేశాడు. ఆ నియమం పెట్టింది ఎవరో అందరికీ తెలుసు. కాబట్టి సందేహం వెళ్ళి, అది పరీక్ష కోసం ఆడిన నాటకమేనని ఒక్క మాట చెబితే సరిపోతుంది. "సాయంత్రం రైలుందిగా నీకు" అన్నాడు పెద్దాయన మెత్తగా. "మీ పాప ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆయనకి పాప సంగతి తెలుసని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఒక్క మాట. ఆ మాట చెబితే అబద్ధమని నిరూపించగలవాడు ఈ లోకంలో లేడు. ఆదివారం ఆయన మళ్ళీ గోల్ దగ్గర నిలబడి చేతులూపుతూనే గడిపేయవచ్చు, ఏమీ కాకపోవచ్చు. ఎగరకపోవచ్చు కూడా. కానీ బంతికి ఈ సంగతులేవీ తెలియవు.

"మీరు నటించలేదు సార్" అంది.

"అంటే నేను అబద్ధం చెబుతున్నాననా?" అన్నాడు పెద్దాయన. ఆయన మొహం ఎర్రబడింది.

"కాదు సార్. మీకు గుర్తు లేదు, అంతే."

అసిస్టెంట్లు ఇద్దరూ ఒకేసారి ఆమె మీద విరుచుకుపడ్డారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. వాళ్ళని టీ తాగి రమ్మన్నాడు. వాళ్ళు వెళ్ళాక దిండు మీదికి వాలాడు. ఆ మొహంలో పెద్దాయన పోయి, ఎవరో ముసలాయన కనబడ్డాడు.

"నేను గోల్ కొట్టానటగా" అన్నాడు.

"ఎవరు చెప్పారు సార్?"

"వీళ్ళిద్దరే. తలతో కొట్టానట. చైర్మన్ లేచి నిలబడ్డాడట."

"కొట్టారు సార్. మన గోల్‌లోనే. తర్వాత స్తంభానికి గుద్దుకున్నారు."

ఆయన నవ్వబోయాడు, నవ్వితే తల నొప్పెట్టి ఆగిపోయాడు. "నిన్న పొద్దున లేచిందే గుర్తు లేదమ్మా. అంబులెన్సు గుర్తుంది, దానికి ముందేమీ లేదు. భయమేసి వీళ్ళని అడిగాను. అడిగిందే అడిగానట, మా ఆవిడ చెప్పింది. పొద్దున్నుంచి ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, వీళ్ళు ప్రతిసారీ కొత్తగా విన్నట్టే తల ఊపుతున్నారట. ఇంక నాకు తెలిసేదెలాగ?"

సందేహానికి ఆయన మీద ఇన్నేళ్ళలో మొదటిసారి జాలేసింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అయితే ఆదివారం ఆడకూడదు" అన్నాడాయన.

"కూడదు సార్."

"భవనం పోతుంది."

"పోతే పోనివ్వండి సార్."

"సరే" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఒప్పేసుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మరి నీ పరీక్ష?"

"మీరే చెప్పాలి సార్."

"అదేనమ్మా ఆలోచిస్తున్నా. నువ్వు చెప్పింది నిజమైతే, నేను నీ పరీక్ష చూడలేదు. చూడని పరీక్షకి పాసని ఎలా అనను?" ఆయన గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. "నిన్నటిదాకా అయితే అనేసేవాణ్ణి. వీళ్ళిద్దర్నీ అడుగుదామంటే, వీళ్ళ లెక్కలో నా జవాబులన్నీ కరెక్టు. అంటే నువ్వు ఫెయిలు."

"మళ్ళీ మైదానం పరీక్ష ఎప్పుడు సార్?"

"నేను లేవాలి, ఆట దొరకాలి. వచ్చే ఏడాదేనమ్మా." ఆగి, "నిజంగా నాకు బాధగా ఉంది" అన్నాడు.

ఆయనకి నిజంగానే బాధగా ఉంది, అదే ఆమెను మరీ మండించింది. ఎన్నేళ్ళుగానో అడ్డంగా బతికిన మనిషికి నిటారుగా నిలబడే రోజు ఒక్కటే వచ్చింది, అది వచ్చి సరిగ్గా తన నెత్తినే పడింది. తిట్టాలనుకుంది. ఆ మాటలో తప్పెక్కడుందో వెతికింది, దొరకలేదు. లేచి, ఆయన తల కింద దిండు సరిచేసి, లైటు ఆర్పి బయటికొచ్చింది. తలుపు దగ్గర అసిస్టెంట్లు టీ గ్లాసులతో నిలబడి, ఎటు ఊపాలో తెలియని తలలతో ఆమెను చూశారు.

వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ఇంటికి ఫోను చేసింది. అత్తగారు ఎత్తింది.

"అత్తయ్యా, ఇంకో ఏడాది."

"బడివాళ్ళు ఆగుతారంటావా?"

"ఆగరు."

"తప్పేమైనా చేశావా?"

"లేదత్తయ్యా. ఏం తప్పు చెయ్యలేదు."

"అయితే ఏడవకు."

"ఏడుస్తానత్తయ్యా."

"సరే, ఏడువు" అంది అత్తగారు. "నేను ఫోను పెట్టను."

సందేహం కిటికీ చువ్వ పట్టుకుని గట్టిగానే ఏడ్చింది. దారిన పోయే నర్సు ఒకామె ఆగి చూసి వెళ్ళిపోయింది. ఫోనులో దూరంగా పాప గొంతు, ఎవరు, ఎవరు అని అడుగుతోంది. అమ్మ, అని చెప్పింది అత్తగారు. మాట్లాడతా ఇవ్వు, అంది పాప. ఇప్పుడు కాదు, అమ్మకి పనుంది, కూర్చో, అంది అత్తగారు, ఆ తర్వాత చాలాసేపు నాయనమ్మా మనవరాలూ ఫోను పెట్టకుండా అక్కడే కూర్చున్నారు.